గతిశాస్త్రపు తెనుగు: కొన్ని పరిభాషాపదముల విమర్శ

శాస్త్రగ్రంథముల వచనమును మన విమర్శకులు తమ పొలిమేరకు వెలుపలిదిగా నెంచుచు వచ్చినారు. కావ్యమందలి యొక విశేషణము ఉచితమా, అనుచితమా యని పది పుటలు వ్రాయగల మనము, ఏటేట వేలకొలది పిల్లలు కంఠస్థము చేయు భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథమున నొక నిర్వచనము తెనుగు వాక్యముగా నిలుచునా, నిలువదా యని యడుగుట లేదు. అది శాస్త్రజ్ఞుల పని యని మన మనుకొందుము. భాష తెలుగు శాఖవారి పని యని శాస్త్రజ్ఞు లనుకొందురు. ఈ యుపేక్షవలన కలుగు నష్టము పుస్తకముమీద పడదు, చదువువానిమీద పడును.

ఈ వ్యాసమున నేను పరిశీలింపదలచినవి సంప్రదాయ యాంత్రికశాస్త్రమునకు మూలమైన కొన్ని పదములు మాత్రమే: బలము, వేగము, జడత్వము, త్వరణము, ద్రవ్యవేగము, చర్య, ప్రతిచర్య. న్యూటను 1687లో ప్రకటించిన 'ప్రిన్సిపియా' యందలి మూడు గమననియమములును తెలుగున నీ కొద్ది పదములమీదనే నిలిచియున్నవి. ఇవి యెక్కడనుండి వచ్చినవి, వచ్చుచు తమ వెంట నేమి తెచ్చినవి, విద్యార్థి మనస్సున నేమి చేయుచున్నవి యనునదియే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయమున కలిగినది కాదు. హైదరాబాదు నగరపు తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగరమునుండి ఎల్.బి.నగరము వరకు గల దారిని ఎరిగినవారికి ఆ ప్రాంతస్వభావము తెలియును. ఎల్.బి.నగరము విజయవాడ రహదారికి నగరద్వారము. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపులనుండి వచ్చు బస్సులు అచ్చట జనమును దింపును. ఆ జనములో పెట్టెలతో, పరుపుచుట్టలతో వచ్చు పిల్లలు పలువురు దిల్‌సుఖ్‌నగరము, చైతన్యపురి, కొత్తపేట వీథులలోని హాస్టళ్లలో చేరి, అచ్చటి కోచింగు సెంటర్లలో ప్రవేశపరీక్షలకు చదువుదురు. కొన్ని సంవత్సరముల క్రిందట మా బంధువుల బాలుడొకడు అట్టి హాస్టలులో నుండెడివాడు. వానిని చూడబోయిన యొక సాయంకాలమున, వాడును వాని గదిలోని మరియొక బాలుడును ఒక లెక్కమీద వాదులాడుచుండిరి. నిట్టనిలువుగా పైకి విసరిన బంతి శిఖరస్థానమును చేరినపుడు దానిపై పనిచేయు బలమెంత? రెండవ బాలుడు నల్లగొండ జిల్లా గ్రామమున తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవాడు. "ఆడికి పొయ్యేసరికి బలం అయిపోతది సార్, అందుకనే గదా మల్ల కిందికి వస్తది" అని నాతో ననెను.

సమాధానము తప్పు. శిఖరస్థానమున సున్న యగునది వేగము, బలము కాదు. గాలి నిరోధమును లెక్కింపకున్నచో, బంతి చేయి విడిచిన క్షణమునుండి మరల చేయి చేరు క్షణము వరకు దానిపై పనిచేయునది భూమ్యాకర్షణ మొక్కటియే. పైకి పోవునపుడును, నిలిచిన క్షణమునను, క్రిందికి వచ్చునపుడును దాని పరిమాణము మారదు, దిక్కు మారదు.

కాని ఆ బాలుని మాటను తెలుగు వాక్యముగా చూచినచో అందు దోషమేమున్నది? 'బలము అయిపోవుట' నిర్దుష్టమైన ప్రయోగము. జ్వరపడి లేచినవానికి బలము తగ్గును. పుష్టికరమైన తిండి తిన్న బలము వచ్చును. ఎద్దుకు బలము, పంచాయతీలో పెద్దకుటుంబమునకు బలము, కవికి ధారణాబలము. ఎక్కడ చూచినను బలము ఉండునది, పెరుగునది, తరుగునది, ఒకని కలిమి. యాంత్రికశాస్త్రములోని బలము అట్టిది కాదు. అది ఏ వస్తువులోను ఉండదు. రెండు వస్తువుల నడుమ జరుగు వ్యవహారము. 'బంతికి బలమున్నది' యను వాక్యము శాస్త్రమున అర్థరహితము, 'బంతిపై బలము పనిచేయుచున్నది' యను వాక్యము సార్థకము. ఈ రెండింటికిని భేదమంతయు ఒక విభక్తి ప్రత్యయములో నున్నది. పాఠ్యగ్రంథములు 'పై' యను ప్రత్యయమును జాగ్రత్తగానే వాడుచున్నవి. కాని అది యేల వాడబడినదో, 'కు' యేల కూడదో చెప్పు పంక్తి వాటిలో నాకు కనబడలేదు. బాలుడు శాస్త్రమున తప్పెను, భాషను తప్పలేదు. భాష వానికి నేర్పినదే వాడు చెప్పెను.

ఇట్టి భ్రాంతి తెలుగు పిల్లలకే కలుగునని నా యభిప్రాయము కాదు. ఆంగ్లమున చదువువారును ఇదే తప్పు చేయుదురు. 'ఫోర్సు' అను మాటకును వారి వాడుకలో ఇట్టి యర్థములే కలవు. పరిభాషను ఆంగ్లమునకు మార్చినంతమాత్రమున భ్రాంతి తొలగునని యెంచువారు ఆ హాస్టలు గదిలో కొంతసేపు కూర్చుండిన చాలును. "ఫోర్స్ అయిపోతది" అను వాక్యము కూడ వారికి వినబడును. మాట మారినది, వాక్యనిర్మాణము మారలేదు. తలంపు వాక్యములో నుండును గాని మాటలో నుండదు.

మన శాస్త్రములలో ఈ తలంపునకు చిరకాలపు ప్రతిష్ఠ కూడ కలదు. వైశేషికులు కర్మమును, అనగా చలనమును, ఉత్క్షేపణము, అపక్షేపణము, ఆకుంచనము, ప్రసారణము, గమనము అని యైదు విధములుగా విభజించిరి. 17వ శతాబ్దివాడును, ఆంధ్రుడని ప్రసిద్ధి కెక్కినవాడును అగు అన్నంభట్టు తన 'తర్కసంగ్రహము'న ఈ విభాగమునే బాలురకు బోధించెను. ఆ చిన్న గ్రంథమును చదివి, పిమ్మట నేటి ఇంటర్మీడియటు భౌతికశాస్త్రమును తెరచినవారికి పెక్కు పాత పరిచయములు కనబడును. మొదటి పతనమునకు కారణమగు గుణము గురుత్వము. నేటి 'గురుత్వాకర్షణ'లో నది యున్నది. ప్రవహించుటకు కారణము ద్రవత్వము. సంస్కారమను గుణము వేగము, భావన, స్థితిస్థాపకము అని మూడు విధములు. చుట్టియుంచిన చాపను పరచి విడిచినచో మరల చుట్టుకొనజేయునది స్థితిస్థాపకము. ఇనుపతీగె సాగి మరల మునుపటి పొడవునకు వచ్చుటను నేడు మన పాఠ్యగ్రంథములు 'స్థితిస్థాపకత' యనుచున్నవి. అనువాదకు లెవరో తర్కశాస్త్రమును బాగుగా చదివినవారు. ఈ పదము విషయమున వారికి నమస్కరింపవలయును.

ఇక వేగము. ప్రశస్తపాదుని మతమున, విల్లు నారిచేత నెట్టబడిన బాణమునందు మొదటి కర్మ పుట్టును. ఆ కర్మవలన బాణమునందు వేగమను సంస్కారము పుట్టును. నారిని విడిచిన తరువాత బాణమును ముందునకు నడుపునది ఆ వేగమే. అది క్షయించినపుడు గురుత్వము తన పని తాను చేయగా బాణము పడిపోవును. మన బాలుడు 'బలం' అన్నది అక్షరాల ఇదియే. తాను వైశేషికుడనని వానికి తెలియదు. ఆరవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో ఫిలోపోనసును, 14వ శతాబ్దమున పారిస్‌లో బ్యూరిడానును, విసరిన వస్తువునందు విసరినవాడు ఏదో యొకటి నిక్షేపించునని చెప్పినవారే. కనుక ఈ తలంపు మూర్ఖత్వము కాదు. మహామేధావులు నిలిచిన మజిలీ యిది. గెలీలియో, న్యూటనులు దీనిని దాటినది ఒక్క ప్రశ్నను తిరుగవేయుటచేత. బాణమేల పోవుచున్నది యని కాక, పోవుచున్న బాణ మేల ఆగవలయును, ఏల మరలవలయును అని వారడిగిరి. సరళరేఖలో సమవేగముతో పోవుటకు కారణ మక్కరలేదు. మార్పునకే కారణము కావలయును.

ఈ మలుపులో 'వేగము' అను పదమునకు పదవి మారినది. పూర్వము కారణము, నేడు కొలత. స్థానభ్రంశమును కాలముచేత భాగింపగా వచ్చునది వేగము. పదము అదియే, శాస్త్రము వేరు. ఇంత పెద్ద మార్పు జరిగినట్లు పాఠ్యగ్రంథములలో ఎక్కడను సూచన లేదు. పాత యర్థము తెలియని పిల్లవానికి ఈ సూచన యెందులకని యడుగవచ్చును. పాత యర్థము వానికి తర్కసంగ్రహమువలన తెలియదు గాని వాడుకవలన తెలియును. 'ఆ వేగంలో పోయి గోడకు కొట్టుకున్నాడు' అని యనునపుడు వేగము కారణమే కదా.

వేగమునకు తోడుగా 'వడి'ని నిలిపిన వారి నేర్పు మాత్రము కొనియాడదగినది. దిక్కు లేని కొలతకు వడి, దిక్కుతో కూడిన కొలతకు వేగము. ఒకటి దేశ్యము, ఒకటి తత్సమము. వడివడిగా నడచువాడు ఎటు నడచుచున్నాడను ప్రశ్న ఆ మాటలో లేదు. కనుక ఎంపిక సహజముగా కుదిరినది. నిత్యవ్యవహారమున రెండింటిని 'స్పీడు' మ్రింగివేసినను, గ్రంథమున ఈ భేదము నిలిచియున్నది. ఇట్లే దూరము, స్థానభ్రంశము. మియాపురమునుండి ఎల్.బి.నగరము వరకు మెట్రో మార్గము సుమారు 29 కిలోమీటర్లు, 27 స్టేషనులు. ఇది దూరము. రెండు కొనలకు నడుమ గీచిన సరళరేఖ యంతకంటె కొన్ని కిలోమీటర్లు తక్కువ. అది స్థానభ్రంశము. ఉదయము ఎల్.బి.నగరమున ఎక్కి మియాపురము పోయి, సాయంకాలము మరల ఎల్.బి.నగరమున దిగిన ఉద్యోగికి దూరము దాదాపు 58 కిలోమీటర్లు, స్థానభ్రంశము సున్న. ఇంతకంటె తేటగా చెప్పు ఉదాహరణము లేదు. అయితే 'భ్రంశము' అను మాటలో పతనము, చ్యుతి వినబడును. రాజ్యభ్రంశము, పదభ్రంశము అనుటకు అలవాటుపడిన చెవికి ఇంటినుండి కళాశాలకు పోవుట స్థానభ్రంశ మనిన నవ్వు వచ్చును. నవ్వు వచ్చినను అర్థము చెడదు. ఇట్టి పదమును విడిచిపెట్టవచ్చును.

జడత్వమును అట్లు విడిచిపెట్టుటకు వీలులేదు. ఇది మొదటి నియమమునకు ప్రాణము. జడుడనగా మనకు మందుడు, మూఢుడు, కదలనివాడు. చలిచేత కొయ్యబారినవాడు. ఈ యర్థముతో వచ్చిన విద్యార్థికి జడత్వ మనగా కదలకుండుట. కదలుచున్న వస్తువునకు జడత్వ మున్నదనిన వానికి విరోధాభాసము వలె తోచును. 'డలల కభేదము' అను సూత్రమును పట్టుకొని, క్షణమైన నిలువని సముద్రమునకు 'జడధి' యని పేరు పెట్టిన కవుల శ్లేషకే యిది తగినది.

దోషము అనువాదకునిది మాత్రమే కాదు. లాటినున 'ఇనెర్షియా' యనగా సోమరితనమే. కెప్లరు దానిని భౌతికశాస్త్రమునకు తెచ్చినపుడు, ద్రవ్యము స్వభావముచేత నిలిచియుండగోరును, కదలింప బోయిన మొండికెత్తును అను నర్థముననే వాడెను. న్యూటను దానికి క్రొత్త యర్థ మిచ్చెను: ఉన్న స్థితిని, అది విశ్రాంతియైనను సమగమనమైనను, తనంత తాను మార్చుకొనలేకపోవుట. విశేషమేమనగా, ఆయనయు దీనిని ద్రవ్యమునందు సహజముగా నుండు నొక 'బలము' అనియే పేర్కొనెను. బలమును వస్తువులో నుంచిన నేరమునకు మన నల్లగొండ బాలునికి గొప్ప తోడు దొరికినది.

అయితే 'జడ' శబ్దమునకు మన భాషలో రెండవ వంశమొకటి కలదు. వేదాంతమున జడమనగా సోమరి కాదు, అచేతనము. చేతనమైనది తనంత తాను ప్రవర్తించును. జడమైనది తనంత తాను ఏమియు చేయజాలదు. బయలుదేరనును జాలదు, ఆగనును జాలదు. ఈ 'ఆగనును జాలదు' అనునదియే న్యూటను నియమము. రాయి తనంత తాను కదలదని రైతుకు తెలియును. కదలిన రాయి తనంత తాను ఆగజాలదనియు, ఆగినచో మరియొకటి దానిని ఆపినదనియు చెప్పుటయే శాస్త్రము. జడశబ్దమును వేదాంతార్థమున గ్రహించినచో రెండు వాక్యములును ఒకే పదమునుండి వెలువడును. ఈ దృష్టితో 'జడత్వము' లాటిను మాటకంటెను మేలైన పదము. సోమరికి ఇచ్ఛ కలదు, కదలకుండవలయునని. జడమునకు ఏ యిచ్ఛయు లేదు. మంచి పదమును తెచ్చి, దాని చెడ్డ యర్థమును బోధించుచున్నా మన్నదియే నా యాక్షేపణ.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట, ఎల్.బి.నగరముల నడుమ మెట్రో రైలు నడుప నారంభించినది. నాటినుండి ఈ పాఠము ప్రతిదినము ఆ పెట్టెలలో జరుగుచునే యున్నది. దిల్‌సుఖ్‌నగరమున రైలు కదలగానే నిలుచున్నవారందరు వెనుకకు ఒరుగుదురు. 'వెనక్కి నెట్టింది' అందురు. ఎవరును నెట్టలేదు. పాదములు రైలుతో ముందునకు పోయినవి, పై దేహము ఉన్నచోటనే యున్నది. నడుమ దారిలో రైలు సమవేగముతో పోవుచున్నంతసేపు ఎవరును దేనిని పట్టుకొన నక్కరలేదు. కన్నులు మూసికొన్నవానికి తాను పోవుచున్నట్లు తెలియుట కష్టము. చైతన్యపురి సమీపింపగా అందరును ముందునకు తూలుదురు. కదలుచున్న దేహమును ఆపుటకు కడ్డీ సాయము కావలసివచ్చినది. ఈ మూడును ఒకే గుణముయొక్క మూడు ఘట్టములు. కాని పరీక్షోపయోగి పుస్తకములు విశ్రాంతి కొక జడత్వము, గమనమున కొకటి, దిశ కొకటి అని మూడు జడత్వములను కల్పించి, ఒక్కొక్కదానికి రెండేసి యుదాహరణములు జోడించి కంఠస్థము చేయించుచున్నవి. అలంకారశాస్త్రమున భేదోపభేదములు పెంచినవారిని మనము పరిహసింతుము. ఈ పుస్తకకర్తలు వారికి తగిన వారసులు.

సమవేగమున పోవు యానమందు కూర్చున్నవానికి తీరముననున్న చెట్లు వెనుకకు పోవుచున్నట్లు తోచునని 499లో ఆర్యభటుడు నావను చూపి చెప్పెను. భూభ్రమణమును బోధించుటకు ఆయన తెచ్చిన యుపమానమది. గెలీలియో 1632లో ఓడలోని గదియందు కూర్చున్నవాడు ఏ ప్రయోగముచేతను ఓడ గమనమును కనుగొనజాలడని చెప్పెను. ఒకరిది చూపునకు సంబంధించిన మాట, రెండవవారిది నియమములకు సంబంధించిన మాట. రెండింటిని ఒకటిగా చేసి, మనవారు ముందే చెప్పినారని ముగించు వ్యాసములు తరచుగా కనబడుచున్నవి. అది ఆర్యభటునకు గౌరవము కాదు.

త్వరణమును గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. త్వర యనగా తొందర. రైలు ఆగబోవునపుడును, సమమైన వడితో వలయమున తిరుగునపుడును త్వరణమున్నదనిన పదము అర్థమును మోయజాలదు. ఆంగ్లపదమునను ఇదే లోపము. 'ఋణత్వరణము' అను మాటలో అప్పు తీర్చుటకు తొందరపడువాడు నాకు కనబడును గాని, అది నా దుర్బుద్ధి. ఇందుకు విరుద్ధముగా 'అభికేంద్ర', 'అపకేంద్ర' పదములు ఉపసర్గల శక్తిని చూపును. ఎల్.బి.నగరు చౌరస్తావద్ద బస్సు సాగరు రింగురోడ్డువైపు మరలునపుడు, నిలుచున్నవాడు తనను బయటికి త్రోసినదనును. వాస్తవమునకు అతని దేహము తిన్నగా పోజూచినది. బస్సు గోడయో కడ్డీయో దానిని లోపలికి మరల్చినది. లోపలికి త్రిప్పునది అభికేంద్రబలము, బస్సుతో తిరుగువాడు లెక్కకై కల్పించుకొనునది అపకేంద్రబలము. ఒక్క ఉపసర్గ మార్పుచేత ఈ భేదము తేటపడుచున్నది. పంటచేలలో వడిసెల త్రిప్పి పిట్టలను తోలిన పిల్లవానికి ఇది చేతితోనే తెలియును. త్రాడు లోపలికి లాగుచుండును, విడిచిన రాయి తిన్నగా, స్పర్శరేఖవెంట పోవును. మన పుస్తకములలో మాత్రము వడిసెల లేదు. దారమునకు కట్టిన రాయి యున్నది. ఆ రాయిని దారమునకు ఎవరు కట్టిరో, ఎందులకు త్రిప్పిరో తెలియదు.

ద్రవ్యవేగము వైయాకరణులకు విందు. ద్రవ్యరాశిని వేగముచేత గుణింపగా వచ్చునది ద్రవ్యవేగము. దీనికి విగ్రహవాక్య మేమి? 'ద్రవ్యముయొక్క వేగము' అనినచో వేగము మాత్రమే మిగులును. 'ద్రవ్యమును వేగమును' అనినచో కూడిక యగును గాని గుణకారము కాదు. గుణకారమునకు సమాసము మన వ్యాకరణములలో లేదు. న్యూటను దీనిని 'చలన పరిమాణము' అను నర్థమిచ్చు లాటిను పదబంధముతో వ్యవహరించెను. అది భావమును చెప్పును: ఈ వస్తువునందు ఎంత చలన మున్నది? ద్రవ్యవేగము లెక్క చేయు విధమును చెప్పును: దేనితో దేనిని గుణింపవలయును? పరీక్షకు రెండవదే యుపకరించును. అందుచేతనే కాబోలు అది నిలిచినది. అయినను ఆ బాలుడు వెదకుచుండిన వస్తువు, విసరిన బంతిలో నిజముగా నుండునది, ఈ చలనపరిమాణమే. 'అయిపోయినది' కూడ ఇదియే. వానికి కావలసిన మాట మనయొద్ద ఉన్నది. అది యొక గుణకారపు సూచనగా మారినందున వాడు దానిని గుర్తింపలేదు.

మూడవ నియమమున హాని మరింత ఎక్కువ. చర్యకు సమానమును, వ్యతిరేకదిశాకమును అగు ప్రతిచర్య యుండునని బోధింతురు. ప్రత్యుత్తరము, ప్రతీకారము, ప్రతిఫలము: మన భాషలో 'ప్రతి' తరువాత వచ్చునది. ముందు ఒకడు కొట్టును, పిమ్మట రెండవవాడు తిరిగి కొట్టును. కర్మమును, కర్మఫలమును తెలిసిన జాతికి ఇంతకంటె సుబోధమైన నియమము లేదు, ఇంతకంటె తప్పుగా బోధపడు నియమమును లేదు. ప్రకృతిలో ముందు వెనుకలు లేవు. రెండు బలములును ఒకే క్షణమున పుట్టును, ఒకే క్షణమున పోవును. ఏది చర్య, ఏది ప్రతిచర్య యనునది మన యిష్టము. అవి పనిచేయునది రెండు వేరు వస్తువులపై. బల్లమీది పుస్తకపు బరువునకు బల్ల పైకి నెట్టు బలము ప్రతిచర్య యని తరగతిలో చెప్పినవారిని నేనెరుగుదును. ఆ రెండును పుస్తకముపైననే పనిచేయుచున్నవి. కనుక అవి జంట కావు. భూమి పుస్తకమును క్రిందికి లాగుటకు జంట, పుస్తకము భూమిని పైకి లాగుట.

కొంతకాలము క్రిందటివరకు కొత్తపేటలో పండ్ల మార్కెటు ఉండెడిది. బత్తాయిలతో వచ్చు లారీయొకటి ద్విచక్రవాహనమును తాకినదనుకొందము. లారీ ఎక్కువ బలముతో కొట్టినదని ఎవరైనను అందురు. రెండింటిపై బలములు సమానములు. ద్రవ్యరాశి తక్కువ కలది ఎక్కువ త్వరణమును పొంది నుగ్గగును. ఇచ్చట మరల 'బలము' అను కలిమియే అడ్డుపడుచున్నది. బలవంతుడు బలహీనుని కొట్టెననునదే మన వాక్యము. 'ప్రతి'కి ప్రతిబింబములో ఉన్న యర్థమును, అనగా ఏకకాలమున ఎదురుగా నుండుటను, గ్రహించి బోధించినచో ఈ పదమును కాపాడవచ్చును. అద్దములోని మొగము మన మొగము తరువాత రాదు కదా.

ఈ పదములు ఒక్కనాడు ఒక్కచోట పుట్టినవి కావు. 1906లో హైదరాబాదున వెలసి, కొలది సంవత్సరములలో మదరాసునకు తరలిన విజ్ఞానచంద్రికామండలి, కొమఱ్ఱాజు లక్ష్మణరావు పర్యవేక్షణమున, చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములను తెలుగున వెలువరించెను. వారి చదువరి పరీక్షార్థి కాడు, జిజ్ఞాసువు. అందుచే ఆ వచనమున వివరణము పుష్కలము. ఇదే నగరమున 1917లో ఏర్పడిన దారుల్‌తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై శాస్త్రములను ఉర్దూ చేసెను. 1948 వరకు ఇచ్చట గతిశాస్త్రము హర్కత్, ఖువ్వత్ అను మాటలతో నేర్పబడెను. ఆ యనుభవమును తెలుగు పరిభాషాకర్తలు తగినంతగా వినియోగించుకొనలేదని నా విచారము. విశ్వవిద్యాలయ స్థాయిలో భౌతికశాస్త్రము నొక భారతీయభాషలో బోధించిన మేటి ప్రయోగము మన వాకిటనే జరిగినది. 1968లో తెలుగు అకాడమి నెలకొని, ఇంటర్మీడియటు మొదలుకొని పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదకోశములను వెలువరించినది. పదములు స్థిరపడినవి. వివరణము సన్నగిల్లినది. చదువరి జిజ్ఞాసువునుండి పరీక్షార్థి యయ్యెను. గమనము, చలనము అను రెండు మాటలను ఒకే గ్రంథమున కారణము చెప్పకయే మార్చి మార్చి వాడుటయు ఈ దశలోని యలసత్వమే.

నేటి స్థితి విచిత్రము. రాష్ట్రపు ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో 160 ప్రశ్నలకు 40 భౌతికశాస్త్రమువి. ఆంగ్లముతోపాటు తెలుగు పాఠమును ఇత్తురు. అఖిలభారతస్థాయి జె.ఇ.ఇ. మెయిన్ 2021నుండి తెలుగునను జరుగుచున్నది. సంతోషింపదగినదే. కాని అనువాదమున సందేహము కలిగినచో ఆంగ్లపాఠమే ప్రమాణమని ఆ పరీక్ష నిబంధన. అనగా తెలుగు పాఠము చదువుకొనుటకే గాని ప్రమాణము కాదు. ప్రమాణము కాని పాఠమును శ్రద్ధతో వ్రాయువా డెవడు? ఆ బాలునకు శిక్షణాలయమువారు తెలుగు పంక్తిని విడిచి ఆంగ్లపంక్తినే చదువుమని చెప్పిరట. పరీక్షకు అది మంచి సలహాయే. వాడు మాత్రము రెండింటిని చదివెడివాడు. తెలుగున ప్రశ్న అర్థమగుననియు, ఆంగ్లమున సమాధానము దొరకుననియు నాతో చెప్పెను.

పరిభాషాకర్తలు చేతులెత్తివేసిన చోటులును కలవు. 'టార్క్' అట్టిది. తెలుగు గ్రంథములలో నది టార్క్‌గానే యున్నది. కోణీయము, భ్రామకము అని యంత సంస్కృతమును మోసినవారికి ఇచ్చట నొక మాట దొరకకపోవుట వింత. ఎల్.బి.నగరము దాటి వనస్థలిపురము చెంత ఆటోనగరున నొకనాడు లారీ చక్రపు నట్టు విప్పుచుండగా చూచితిని. నట్టు రాలేదు. పనివాడు పానా పిడికి ఒక ఇనుపగొట్టమును తొడిగి, దాని కొసను పట్టి త్రొక్కెను. నట్టు తిరిగినది. బలము ఎంత యన్నది కాక, ఇరుసునకు ఎంత దూరమున పెట్టితిమన్నది ముఖ్యమని అతనికి తెలియును. దాని పేరేమని అడిగితిని. "పేరేముంది సార్, లివరు పెంచితే పురి ఎక్కువొస్తది" అనెను. త్రాటికి, నూలునకు వాడు పురిని అతడు ఇనుమునకు వాడినాడు. 'పురి' టార్క్‌నకు సరిపోవునా, దాని కొలతను మోయగలదా, 'కోణీయ' మొదలగు తత్సమములతో సమసింపజాలునా యనునది భౌతికశాస్త్ర శాఖవారితో కూర్చుండి తేల్చుకొనవలసిన విషయము. దేశ్యపదమగు 'వడి' నిలిచినచోట 'పురి' నిలువగూడదనుటకు నాకు హేతువు కనబడలేదు.